చెదలు తిన్న చోటు

ఓబులేసు ఆశ్రమానికి వచ్చి ఆరు నెలలైంది. కర్నూల్లో పుట్టి, బెంగుళూరులో కంప్యూటర్ ఉద్యోగం చేసి, విసుగొచ్చి వచ్చినవాడు. ఉద్యోగమైతే వదిలేశాడు గానీ, నాకు తెలిసినంత ఇక్కడెవరికి తెలుసులే అనే ఆలోచన మాత్రం వెంట తెచ్చుకున్నాడు. మంచివాడే. అచ్చుతప్పులు దిద్దే పని మీద అప్పట్లో నేనూ అక్కడే ఉండేవాణ్ణి కాబట్టి నాకు తెలుసు.

ఆదోని దాటాక గుట్ట కింద ఉండేది ఆ ఆశ్రమం. పెద్ద గురువు పోయి ఇరవై ఏళ్ళు. ఆయన కట్టిన తత్వాలన్నీ మూడు నోటుబుక్కుల్లో ఉన్నాయి. ఆ గొలుసుకట్టు రాత చదవగలిగినవాడు ఒక్కడే మిగిలాడు. ఆయన దగ్గర ముప్పై ఏళ్ళున్న తిప్పన్న. డెబ్బై ఆరేళ్ళ మనిషి, చూపు రోజురోజుకీ తగ్గుతోంది. కాగితమా, ముట్టుకుంటే పొడి రాలుతోంది. తిప్పన్నకు కళ్ళు కనిపిస్తుండగానే ఆ పాటలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలని ఇప్పటి గురువు శేషమ్మగారి ఆరాటం. రెండు వేళ్ళతో టైపు చేయడం తిప్పన్న ఎట్లాగో నేర్చుకుని, మొదటి బుక్కు ముగించాడు కూడా.

టైపు కాదు చిక్కు. అక్షరం లావు చేయాలంటే ఎక్కడ నొక్కాలి, పేజీ మార్చాలంటే ఎక్కడ నొక్కాలి, ఇట్లా వెతకడానికే సగం పొద్దు పోయేది. అది చూసి ఓబులేసు, రాసే సాఫ్ట్‌వేరులో పైన ఒక చిన్న పెట్టె అమర్చాడు. కావలసిన పని పేరు అందులో కొడితే చాలు, ఆ పని ఎదురుగా వస్తుంది. మూడు వందల పనులకు మూడు వందల పేర్లు, అన్నీ శుద్ధమైన తెలుగులో. వాటిని అచ్చు వేసి గోడకు అతికించాడు. తాను కొట్టి చూసుకుంటే రెండు సెకన్లలో వచ్చేస్తోంది. మురిసిపోయాడు పాపం.

తిప్పన్న వచ్చి 'లావు' అని కొట్టాడు. 'అటువంటి ఆదేశం లేదు' అంది పెట్టె. గోడ మీద దాని పేరు 'బొద్దు'. తర్వాత పేజీలో నాలుగు మాటలు చెదలు తినేశాయి. అట్లాంటి చోట చుక్కల గీత పెట్టాలి. 'చెదలు తిన్న చోటు' అని కొట్టాడు. అటువంటి ఆదేశం లేదు. 'పోయిన మాటలు' అని కొట్టాడు. లేదు. గోడ మీద అది 'బిందురేఖా నివేశనం'. మూడు రోజులు ఇదే తంతు. నాలుగోనాడు తిప్పన్న నోటుబుక్కులు గుడ్డలో చుట్టి శేషమ్మగారి ముందు పెట్టి, ఇంక నాతో కాదు తల్లీ అని ఊళ్ళో కూతురింటికి వెళ్ళిపోయాడు.

ఓబులేసు శేషమ్మగారి దగ్గరికి పోయి తన గోడు చెప్పుకున్నాడు. పెట్టెలో ఏ లోపమూ లేదనీ, పేర్లు గోడ మీదే ఉన్నాయనీ, రోజుకు పది నేర్చుకున్నా నెలకు ఒడ్డున పడేవాళ్ళమనీ, ఆ పెద్దాయనకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమేననీ అన్నాడు. మీరు గట్టిగా చెబితే వింటాడు, పిలిపించండి అన్నాడు. ఆమె అంతా విని, భోజనాల వేళయింది పదమన్నారు.

ఆ పూట ఆమే వడ్డించారు. వానలు పడ్డ రోజులు. గట్ల మీద కోసుకొచ్చిన ఆకులతో నాలుగు గిన్నెల్లో నాలుగు కూరలు. ఓబులేసు పళ్ళెంలో సంగటి ముద్ద పడింది.

"ఏం గావాల నాయనా?"

"ఆకుకూరమ్మా."

"నాలుగూ ఆకుకూరలే. పేరు చెప్పు."

ఆరు నెలలుగా తింటున్నాడు, ఒక్కదాని పేరూ అడిగిన పాపాన పోలేదు. మొన్న తిన్నాము చూడండి, పుల్లగా ఉండేది, అన్నాడు.

"అటువంటి కూర లేదు," అని ఆమె నా దగ్గరికి జరిగారు. నేను దొగ్గలాకు అన్నాను. పడింది. నా అవతలివాడు చెంచలాకు అన్నాడు. వాడికీ పడింది.

రెండోసారి వడ్డనకు వచ్చినప్పుడు ఓబులేసు, కాడలు ఎర్రగా ఉంటాయమ్మా అన్నాడు. లేదన్నారు. ఉత్త సంగటి ఎంతసేపని మింగుతాడు? వాడికి కోపమొచ్చింది.

"పుల్లగా ఉంటుందని చెప్పినా, కాడ ఎర్రగా ఉంటుందని చెప్పినా. నాకేం కావాలో మీకు తెలుస్తానే ఉంది. పేరు రాకపోతే తిండి పెట్టరా అమ్మా?"

అనేశాక వాడి చెయ్యి పళ్ళెంలో అట్లాగే ఆగిపోయింది. శేషమ్మగారు వాడడిగిన ఆ ఎర్రకాడల గంగపాయల కూరే రెండు గరిటెలు వేసి ముందుకు కదిలారు.

చెయ్యి కడుక్కున్నవాడు కడుక్కున్నట్టే ఊళ్ళోకి నడిచాడు. ఎందుకో తెలిసి నేనూ వెంట పోయాను. తిప్పన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు, పలకరించలేదు. ఓబులేసు కింద కూర్చుని కాగితం, పెన్ను తీశాడు.

"పెద్దాయనా, ఆ పెట్టెకు నీ మాటలు రావు. చెప్పు, దానికి నేర్పిస్తా."

తిప్పన్న వాడి వైపు తిరిగాడు.

"చెదలు తిన్న చోటు," అన్నాడు. "ముందు అది రాసుకో."

మర్నాడు తిప్పన్న ఆశ్రమానికి తిరిగొచ్చాడు. అప్పట్నుంచి ఓబులేసు రోజూ తిప్పన్న పక్కనే పీట వేసుకుని కూర్చున్నాడు. పెద్దాయన ఏది కొడితే అది రాసుకోవడం, సాయంత్రం పెట్టెలో ఎక్కించడం. ఒక్కో పనికి నాలుగైదు పేర్లు చేరాయి. పన్నెండు రోజులకు రెండో బుక్కు పూర్తయింది, మూడోది తెరిచారు. ఆ సంగతి చెప్పడానికి ఓబులేసు శేషమ్మగారి దగ్గరికి పరుగున పోయాడు.

ఆమె సంతోషించారు. తర్వాత అడిగారు.

"గోడ మీది పేర్లు తిప్పన్న ఎన్ని నేర్చినాడు?"

"ఒక్కటి కూడా లేదమ్మా."

"అట్లయితే నువ్వు బాగా నేర్చుకున్నావు."