పేరు పడ్డ పళ్ళెం

అచ్చుతయ్య గారిని ప్రశ్న అడిగినవాడు జవాబు పట్టుకుని ఇంటికి పోవడం కనిగిరి చుట్టుపక్కల ఎవరూ ఎరగరు. పని పట్టుకుని పోయేవాడు. ఫలానా ముసలమ్మకు నీళ్ళు తోడి రమ్మనో, ఫలానా వాడి ఇంటి కప్పు నేసి రమ్మనో ఏదో ఒకటి అంటగట్టేవారు. వేదాంతం వినాలని వచ్చినవాళ్ళు నడుములు పట్టుకుని పోయేవాళ్ళు. ఆయన అచల వేదాంతం చెప్పే గురువు. గురువారం సాయంత్రం తత్వాలు పాడేవారు, పది మందిని చుట్టూ కూర్చోబెట్టుకునేవారు. తక్కిన రోజుల్లో రంగయ్యశెట్టి పాత్రల అంగడి అరుగు మీద గోనెపట్టా పరుచుకుని, చిన్న ఉలితో, సుత్తితో గిన్నెల మీద పేర్లు కొట్టేవారు. పేర్లు గీసే కరెంటు పెన్నులు వచ్చాయి, నిజమే. కానీ గీసిన పేరు పేరేనా, కొట్టిన పేరే పేరు అనేవాళ్ళు ఇంకా కొందరు ఉండబట్టి ఆయనకు రోజు గడిచేది.

ఒక గురువారం తత్వాలు అయిపోయాక మాలకొండయ్య లేచి నిలబడ్డాడు. బస్సు డిపోలో టైర్లు మార్చే మనిషి, పదేళ్ళుగా శిష్యుడు, ఒక్కనాడూ నోరు విప్పి ఏమీ అడిగినవాడు కాడు.

"గురువుగారూ, నా కూతురికి సీటు రాకపోతే దానికి నేనేం చెప్పాలి?"

ఆ ప్రశ్న వెనక పెద్ద బాధే ఉంది. గుట్ట మీద ఒక హాస్టలు బడి ఉంది. ఆరో తరగతిలో ఎనభై మందిని తీసుకుంటారు, జిల్లా అంతా వచ్చి పరీక్ష రాస్తుంది. అందులో పడ్డ పిల్ల ఒడ్డున పడ్డట్టేనని అందరి నమ్మకం. మాలకొండయ్య కూతురు తనూజ రెండు నెలల కిందట ఆ పరీక్ష రాసింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఏ మాట ఎత్తినా "రిజల్టు రానీ" దగ్గర ఆగిపోయేది. చెప్పులు తెగాయి నాన్నా అంటే రిజల్టు రానీ. అమ్మమ్మ ఊరు పోదామా అంటే రిజల్టు రానీ. తల్లి ఆదిలక్ష్మి మాలకొండ నరసింహస్వామికి తలనీలాలు మొక్కుకుని కూర్చుంది. వీధిలో వాళ్ళకైతే వేరే పనే లేదు, నీళ్ళకు పోయినా పాలకు పోయినా ఆ పదేళ్ళ పిల్లను నిలబెట్టి "ఏమే, వచ్చిందా?" అని అడగడమే. ఒకప్పుడు గంటసేపు నోరు మూతపడని పిల్ల, ఇప్పుడు ఎవరైనా వస్తే లోపలికి పోయి తలుపు చాటున నిలబడుతోంది.

హాస్టలుకు కావలసిన సామాను కోచింగు సారు ముందే రాసిచ్చాడు. పెట్టె, బకెట్టు, పేరు కొట్టించిన పళ్ళెం, గ్లాసు. మాలకొండయ్య అన్నీ కొని అటకెక్కించాడు. పళ్ళెం మీద లేబులు మాత్రం పీకనివ్వలేదు. సీటు రాకపోతే శెట్టి వెనక్కి తీసుకుంటాడు కదా! ఒకసారి ఆ పళ్ళెంలో అన్నం పెట్టమని తనూజ అడిగితే "లేబులు మీద చెయ్యి పడిందా, విరగ్గొడతా" అన్నాడు. అని, ఆ రోజంతా తనను తానే తిట్టుకున్నాడు.

అసలు భయం వేరే ఉంది. మాలకొండయ్య పదో తరగతి తప్పిన రోజున వాళ్ళ నాయన అన్న మాట ఒకటుంది. "నీకింక తిండి దండగరా." ఆ నాయన పోయి పన్నెండేళ్ళయింది, మాట మాత్రం పోలేదు. రిజల్టు తిరగబడిన పూట తన నోట్లోంచి ఆ మాటే ఊడిపడుతుందేమోనని మాలకొండయ్యకు వణుకు.

అచ్చుతయ్య గారు అంతా విన్నారు. "ఆ పళ్ళెం పట్టుకుని రేపు పొద్దున అంగడి దగ్గరికి రా. పిల్లను కూడా తీసుకురా" అన్నారు. అంతే, లేచి వెళ్ళిపోయారు.

ఈ మాట ఇంట్లో చెప్పగానే ఆదిలక్ష్మి ఎగిరి గంతేసింది. "గురువుగారు పళ్ళెం తెమ్మన్నారంటే సీటు వచ్చినట్టేగా! ఆయనకు తెలియకుండా అంటారా!" అని పళ్ళెం అంచుకు పసుపు రాసి బొట్టు పెట్టింది. తండ్రీ కూతుళ్ళు గడప దాటేసరికి సగం వీధికి సంగతి తెలిసిపోయింది. మాలకొండయ్య కూడా లోలోపల నమ్మాడు, అబద్ధమెందుకు. దారి పొడుగునా మీసం దువ్వుకుంటూనే నడిచాడు.

అంగడి అరుగు మీద అచ్చుతయ్య గారు పళ్ళెం అందుకుని, గోటితో ఒక్క లాగు లాగి లేబులు ఊడబెరికారు. ఆయన పళ్ళేన్ని చెక్క దిమ్మ మీద బోర్లించి, "కదలకుండా పట్టుకో అమ్మాయ్. ఇంటిపేరుతో కొట్టనా, ఉత్త పేరేనా?" అని పిల్లను అడిగారు.

"ఆగండి ఆగండి గురువుగారూ! రిజల్టు ఇంకా రాలేదు."

"రాలేదు. అయితే?"

"ఈపూటో రేపో వచ్చిద్ది. అప్పుడు కొట్టండి. ఇప్పుడే కొడితే మళ్ళీ శెట్టిగారు వెనక్కి తీసుకోరు."

లోపల గల్లా దగ్గర నుంచి రంగయ్యశెట్టి అందుకున్నాడు. "పేరు పడ్డ గిన్నె మేమెక్కడ తీసుకుంటామయ్యా! మేమే కాదు, బజారులో ఎవరూ తీసుకోరు."

"విన్నావా?" అన్నారు అచ్చుతయ్య గారు. "పేరు పడ్డాక వెనక్కిచ్చే ఆచారం లేదంట."

మాలకొండయ్యకు ఒళ్ళు మండింది. పదేళ్ళ భక్తి, గౌరవం అన్నీ అటుంచి గొంతు పెంచాడు. "మీకేం గురువుగారూ! మీకు పిల్లా జెల్లా ఉంటే తెలిసేది. వేదాంతం చెప్పినంత తేలిక కాదు, కడుపున పుట్టినదాన్ని చూస్తా కూర్చోవడం!" దారిన పోయేవాళ్ళు నిలబడిపోయారు. అచ్చుతయ్య గారు నొచ్చుకోలేదు, అవునన్నట్టు తలాడించారు. ఉలి మాత్రం కింద పెట్టలేదు.

అప్పుడు మాట్లాడింది తనూజ. "నాన్నా, సీటు రాకపోతే నేను అన్నం తినొద్దా?"

వెక్కిరింపు కాదు, గొడవ కాదు. తెలియక అడిగింది. రెండు నెలలుగా ఆ పిల్ల నిజంగా అదే అనుకుంటోందని మాలకొండయ్యకు అప్పుడు అర్థమైంది. తండ్రి పలకకపోయేసరికి ఆమె గురువుగారి వైపు తిరిగి, పళ్ళెం రెండు చేతులతో నొక్కిపట్టుకుంది. "కొట్టండి తాతా. ఉత్త పేరే కొట్టండి" అంది, బజారుకంతా వినపడేలా.

సుత్తి మొదలైంది. చుక్క పక్కన చుక్క, చుక్క పక్కన చుక్క. ముందు 'త' పడింది. 'నూ' సగంలో ఉండగా మాలకొండయ్య జేబులో ఫోను మోగింది. కోచింగు సారు. తీసి చూశాడు గానీ ఎత్తలేదు.

"ఎత్తవయ్యా" అన్నారు అచ్చుతయ్య గారు, సుత్తి ఆపకుండానే. "పిల్ల ఫోను చూడటం లేదు. నీ మొహం చూస్తంది."

నిజమే. తనూజ చూపు పళ్ళెం మీద లేదు, ఫోను మీద లేదు. మాలకొండయ్య ఫోను ఎత్తాడు.

అవతల కోచింగు సారు గొంతు గుసగుసగా ఉంది. "మాలకొండయ్యా, ఒక్కడివే ఉన్నావా? కాస్త పక్కకు రా. మనమ్మాయి పేరు లేదయ్యా. రెండుసార్లు చూశా. పాపకు ఇప్పుడే చెప్పమాక. నిదానంగా, మంచి మాటలు చెప్పి..."

వాళ్ళ నాయన మాట గొంతులోకి వచ్చింది. నాలుక చివరిదాకా వచ్చింది, సరిగ్గా అతను భయపడినట్టే. ఎదురుగా కూతురు రెప్ప వెయ్యడం లేదు. మాలకొండయ్య ఒక్క గుటక వేశాడు. ఆ తర్వాత అరిచిన అరుపుకు ఎదురు కొట్టువాళ్ళు కూడా బయటికి వచ్చారు.

"ఎందుకయ్యా అట్టా గొణుగుతావు? ఎవరన్నా పోయారా? సీటు రాలేదు, అంతేగా! నా కూతురు నా పక్కనే ఉంది, బంగారంలా ఉంది. పేరు కొట్టించుకుంటా ఉంది. ఇంకోసారి దాని సంగతి నాకు చెప్పేటప్పుడు పెద్దగా చెప్పు, పక్కకు రమ్మనమాక!"

ఫోను పెట్టేశాడు. తనూజ కళ్ళు నిండాయి. "వెయిటింగులో కూడా లేనా నాన్నా?" అంది.

"లేవు" అన్నాడు మాలకొండయ్య, చూపు తిప్పుకోకుండా.

ఆ పిల్ల ఏడ్చింది. ఎందుకు ఏడవదు, అంత చదివింది మరి! ముక్కు చీదుకుని, భుజానికి కళ్ళు తుడుచుకుంది. పళ్ళెం మీది చేతులు మాత్రం తియ్యలేదు. కాసేపటికి "'జ' పెద్దగా కొట్టండి తాతా" అంది.

రంగయ్యశెట్టి బయటికి వచ్చి నాలుక చప్పరించాడు. "అయ్యయ్యో, ఆ ఫోనేదో ఒక్క పావుగంట ముందు వచ్చుంటే ఎంత బాగుండేది!"

"ఏం బాగుండేది శెట్టిగారూ?" అన్నాడు మాలకొండయ్య అతని వైపు తిరిగి. శెట్టి ఆ మొహం చూసి, ఏదో పని గుర్తొచ్చినట్టు లోపలికి నడిచాడు.

పేరు పూర్తయింది. అచ్చుతయ్య గారు గుడ్డతో తుడిచి పళ్ళెం పిల్ల చేతికిచ్చారు. తనూజ చుక్కల మీద వేలు పెట్టి ఒకసారి తడిమి చూసుకుంది. దాన్ని సంచిలో పెట్టనివ్వలేదు. పేరు అందరికీ కనపడేలా ఎదకు ఆనించుకుని, దారిలో ఎవరు ఏమడిగినా సరే అన్నట్టు ముందు నడిచింది.

మాలకొండయ్య ఇంకా అరుగు దగ్గరే ఉన్నాడు. అప్పటిదాకా బిగబట్టిన ఏడుపు అతనికి అప్పుడు వచ్చింది. ఖాకీ చొక్కా చేతితో మొహం తుడుచుకుని, "గురువుగారూ, నోరు జారాను, క్షమించండి" అన్నాడు. "ఇంతకీ ఇంటికి పోయాక దానికి ఏం చెప్పమంటారు?"

అచ్చుతయ్య గారు అప్పటికే ఎవరిదో ఇత్తడి బిందె దిమ్మ మీదికి లాక్కున్నారు.

"చెప్పావు కదయ్యా" అన్నారు, తలెత్తకుండానే. "బజారంతా విన్నది."