శ్రుతి దించమన్న భద్రయ్య

సోమలింగం మాస్టారికి ఒక అలవాటు. శిష్యులెవరైనా ప్రశ్న అడిగితే సూటిగా జవాబు చెప్పరు. హార్మోనియం మూత వేసి, దానిమీద మోచేతులు ఆనించి, ఎవరి సంగతో ఎత్తుకుంటారు. అడిగినదానికీ చెప్పేదానికీ పొంతన ఉన్నట్టు మొదట అనిపించదు. తొందరపడేవాళ్ళు ఆయన దగ్గర నిలవకపోవడానికి అదే కారణం.

పద్యనాటకాల్లో నాయిక వేషాలు కట్టే యశోద ఒకరోజు వచ్చి కూర్చుంది. టైఫాయిడ్ నుంచి లేచాక ఆమెకు ఊపిరి నిలవడం లేదు. పద్యం చివర రాగం సగంలోనే తెగిపోతోంది. "ఇంక మానెయ్యమంటారా మాస్టారూ? పరువుండగానే తప్పుకోవడం మేలు కదా" అంది. నాటకం తప్ప వేరే బతుకు తెలియని మనిషి ఆమె.

మాస్టారు మూత వేసి, భద్రయ్యగారి సంగతి ఎత్తుకున్నారు.

భద్రయ్య కాటి సీనుకు పేరుపడ్డ నటుడు. కర్నూలు నుంచి ఇచ్ఛాపురం దాకా ఆయన ఎక్కని పందిరి లేదు. ట్రంకుపెట్టె మీదే నిద్ర, బస్టాండులోనే భోజనం. ఆయన రాగం తీస్తే, అది ముగిసేలోగా ముందువరుసవాళ్ళు చుట్ట ముట్టించి తీరిగ్గా కాల్చుకునేవారట. వన్స్ మోర్ పడని పద్యం ఉండేది కాదు. అన్ని రోజులూ మనవి కావు కదా, ముసలితనంలో ఆ ఊపిరీ తగ్గింది.

ఒకే ఆటలో ఒకే పాత్రను ఇద్దరు ముగ్గురు పంచుకుని వేయడం మన నాటకాల్లో మామూలే. ఒక తిరునాళ్ళలో కమిటీవారు ఆ ఆచారాన్ని భద్రయ్య మీదికే తిప్పారు. కాటి సీనుకే ఇంకో పడుచు నటుడికి రంగు వేయించి తెరపక్కన నిలబెట్టారు. "మొదటి పద్యానికి వన్స్ మోర్ పడకపోతే మీరు దిగిపోవాలి. మిగతాది ఈయన అందుకుంటాడు" అన్నారు. అలా దిగిపోయిన నటుణ్ణి మళ్ళీ ఏ ఊరూ పిలవదు. అయినా భద్రయ్య సరేనన్నారు.

ఆ ఆటకు హార్మోనియం సోమలింగం మాస్టారిదే. తెర లేవబోతుండగా భద్రయ్య వంగి, "శ్రుతి ఒక మెట్టు దించు నాయనా" అన్నారు. అంతటి నటుడు శ్రుతి దించమనడమంటే, పహిల్వాను ఆనుకోవడానికి గోడ అడిగినట్టే. మాస్టారికి మనసొప్పలేదు. అయినా దించారు.

భద్రయ్య బిడ్డ శవం ముందు నిలబడి పద్యం ఎత్తుకున్నారు. గమకాల జోలికి పోలేదు. ఇంట్లోమనిషితో చెప్పుకున్నట్టు ఒక్కో మాటా వదిలారు. రాగం అందుకోవలసిన చోట నోరు మూసుకున్నారు. అలవాటు కొద్దీ మాస్టారు శ్రుతి పట్టుకునే ఉన్నారు. పందిట్లో చప్పుడు లేదు. ఎవరూ వన్స్ మోర్ అనలేదు. కమిటీ ప్రెసిడెంటు పడుచు నటుడికి చెయ్యి ఊపాడు.

అప్పుడు ముందువరుసలో ఒక ముసలామె కొంగుతో మొహం తుడుచుకుంటూ లేచింది. "ఆ మాట ఇంకోసారి చెప్పు నాయనా" అంది. పాడమనలేదు, చెప్పమంది. అంతే, పందిరంతా వన్స్ మోర్ అంటూ లేచి నిలబడింది. భద్రయ్య మళ్ళీ చెప్పారు. జనం మళ్ళీ అడిగారు. తెరపక్కన పడుచు నటుడు కళ్ళు తుడుచుకుని, భుజం మీది గొంగడి తీసి మడిచిపెట్టాడు. "ఈ పూట నేనెక్కను ప్రెసిడెంటుగారూ. ఆయన తర్వాత ఎవరెక్కినా నవ్వులపాలే" అన్నాడు.

ఆపైన భద్రయ్య పోయేదాకా ఊళ్ళు తిరుగుతూనే ఉన్నారు. ఆయన తేదీ కోసం కమిటీలు ఒకదానితో ఒకటి పోట్లాడుకున్నాయి.

యశోద, "అయితే అంతకుముందు ఆయన గొప్పగా పాడలేదంటారా?" అని అడిగింది.

"పాడకేమమ్మా. ఊపిరి ఉన్నన్నాళ్ళూ జనం ఆయన రాగం విన్నారు" అంటూ మాస్టారు హార్మోనియం మూత తీశారు. "పద్యం మాత్రం ఆ రోజే విన్నారు."