ఊరికే పడుకోవడం

ఏమీ ఆలోచించకుండా ఊరికే పడుకోమంటే, మీలో ఎంతమంది పడుకోగలరు? చేతులెత్తండి, చూద్దాం.

నౌషీన్ అయితే ఎత్తేసేదే. మానసిక వైద్యంలో పరిశోధన చేస్తున్న అమ్మాయి. స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్ల బుర్రకి పని చెబితే మెదడులో రక్తప్రవాహం ఎంత పెరుగుతుందో కొలుస్తుంది. స్కానింగ్ యంత్రంలో కాసేపు ఊరికే పడుకోమంటుంది. తర్వాత 'క'తో మొదలయ్యే మాటలు చెప్పమంటుంది. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే మిగిలేదే ఫలితం.

సోమేశు అనే రోగి దగ్గర ఏమీ మిగల్లేదు.

కత్తెర, కందిరీగ, కమ్మరి అంటూ గడగడా చెప్పాడు. నుదుటి వెనక రక్తం మాత్రం పెరగలేదు. అదెలా? నౌషీన్ యంత్రాన్ని అనుమానించింది. లెక్కను అనుమానించింది. ఏదీ తేలక, చివరికి సోమేశునే అనుమానించింది.

కుట్టుపని నేర్పే కేంద్రంలో చేరాలని అతని ఆశ. చేర్చుకోవడం, మానడం ఆమె రిపోర్టు మీదే ఉంది.

"మెదడు ముందుభాగం పనిచేయట్లేదు మేడమ్. నేర్చుకోలేడని రాసేస్తా," అంది గురువు హైమవతితో.

"రాద్దువుగానిలే. ముందు నువ్వెక్కి పడుకో."

బల్ల లోపలికి జరుగుతుంటే హైమవతి వంగి, "నీ థీసిస్ సంగతి ఒకటి చెప్పాలి. బయటికొచ్చాక చెప్తాలే, ఇప్పుడు ఊరికే పడుకో," అంది.

ఊరికే పడుకోవడం, 'క' మాటలు చెప్పడం, రెండూ అయ్యాయి. హైమవతి తెరవైపు చూసి నాలుక చప్పరించింది.

"నీక్కూడా పెద్దగా పెరగలేదే. పనిచేయట్లేదేమో పాపం."

"అది తర్వాత మేడమ్. నా థీసిస్‌కి ఏమైంది?"

"ఏం కాలేదు. బాగుంది. అదే చెబుదామని."

"మరి ఆ మాట ముందే అనొచ్చుగా! ఊరికే పడుకోమన్నంతసేపూ నా బుర్రలో అదే..."

నౌషీన్ ఆగిపోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా వరండాలోకి నడిచింది. సోమేశు బెంచీ మీద కూర్చుని చొక్కా గుండీ సరిచేసుకుంటున్నాడు.

"అన్నా, మొన్న యంత్రంలో ఊరికే పడుకోమన్నప్పుడు ఏం చేశావు?"

"ఊరికే ఎక్కడమ్మా?" తనకొక్కడికే వినిపించే గొంతుల గురించి అన్నాడతను. "వాళ్లు తిడుతూనే ఉన్నారు. మీ స్కాన్ పాడవుద్దని, తిరిగి ఒక్క మాట అనకుండా పళ్లు బిగబట్టుకుని పడుకున్నా. మీరు మాటలు చెప్పమన్నాకే కాస్త హాయి."

నౌషీన్ అతని పక్కనే కూర్చుండిపోయింది. తను తీసేసిన ఆ మొదటి లెక్కలోనే ఉంది, అతని బుర్ర చేసిన పనంతా.

కుట్టుపని కేంద్రానికి సిఫార్సు ఆ మధ్యాహ్నమే వెళ్లింది.

మీ ఎరుకలోనూ ఉండే ఉంటారు, ఊరికే కూర్చున్నట్టు కనిపించే మనిషి ఒకరు. వెళ్లండి. లోపల ఏం జరుగుతోందని అడగండి. జవాబు వచ్చేదాకా లేవకండి.