అత్తిపత్తి ముడుచుకోని పూట

పిల్లలకు పాఠం వచ్చిందని పంతులికి ఎప్పుడు తెలుస్తుంది? పోటీకి ముందురోజు సాయంత్రం ఏడుకొండలు ఈ ప్రశ్న తీసుకుని పిచ్చయ్య మాస్టారి దగ్గరకు వెళ్ళాడు. పిచ్చయ్య మాస్టారు ఒకప్పుడు అతనికి సైన్సు చెప్పినవారు. రిటైరయ్యాక ఇంటిపట్టునే ఉంటున్నారు. అడిగినదానికి అప్పటికప్పుడు బదులిచ్చే అలవాటు ఆయనకు లేదు, వాదన అసలే లేదు. ఈసారీ అంతే. రేపు తానూ వస్తానని, బస్సులో తనకూ ఒక సీటు ఆపమని మాత్రం అన్నారు.

ఏడుకొండలు పల్నాడులో ఒక ఊరి హైస్కూల్లో సైన్సు మాస్టరు. ఈ జిల్లా పోటీ ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు. ప్రకృతిని చూసి ఏదైనా నేర్చుకుని, దానితో పనికొచ్చే యంత్రం ఒకటి చేసి చూపించాలి. పోయినేడు అతను తీసుకెళ్ళిన పిల్లవాడు జడ్జీల ముందు నోరు పెగలక నిలబడిపోయాడు. ఆ పిల్లవాడు ఇప్పటికీ క్లాసులో తల ఎత్తడు. ఈసారీ అలాగే జరిగితే వచ్చే ఏడాది నుంచి ఎవరినీ పంపేది లేదని, పిల్లల్ని నలుగురిలో నవ్వులపాలు చేసే పని తనకొద్దని హెడ్‌మిస్ట్రెస్ ఖరాకండిగా చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి ఏడుకొండలుకు తిండి సయించడం లేదు.

ఈసారి వంతు నాగూర్‌బీది. ఏడో తరగతి. తండ్రి మిరప నారు పోసి అమ్ముతాడు. వాన చినుకు పడగానే అత్తిపత్తి ఆకులు ముడుచుకోవడం చూసి, నారుమడి కూడా అలా తన్ను తాను కాపాడుకుంటే బాగుండునని ఆ పిల్లకు తోచింది. ఒక ట్రేలో మిరప నారు పోసింది. పక్కన ప్లాస్టిక్ పట్టా మడతపెట్టి, పైన రెండు రాగి తీగలు బిగించింది. తీగల మధ్య నీటి చుక్క పడితే చాలు, పాత బొమ్మకారు మోటారు తిరిగి పట్టాను నారు మీదికి లాగుతుంది. యంత్రం పక్కన కుండీలో అత్తిపత్తి మొక్క. ముందు మొక్కను ముట్టి చూపించాలి, ఆ తర్వాత యంత్రాన్ని చూపించాలి.

మర్నాడు బస్సు కుదుపులకు ఆకులన్నీ ముడుచుకుపోయాయి. ఏడుకొండలుకు ప్రాణం పోయినంత పనైంది. కాసేపటికి అవే విచ్చుకుంటాయని పిల్ల ధైర్యం చెప్పింది. మాస్టారు కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నారు.

హాల్లో బల్ల మీద అన్నీ సర్దేసరికి ఆకులు విచ్చుకున్నాయి. పని చేస్తుందో లేదోనని ఏడుకొండలు ఒక రెమ్మను ముట్టుకున్నాడు. ముడుచుకుంది. మనసు కుదుటపడింది గాని ఆ కుదురు ఎంతోసేపు నిలవలేదు. మరి అవతలి రెమ్మ సంగతేమిటి? దాన్నీ ముట్టుకున్నాడు. మధ్యమధ్య పిల్ల చేత చెప్పించి చూశాడు. అత్తిపత్తి భయపడి ముడుచుకుద్ది అని పిల్ల మొదలుపెడితే, భయపడి కాదు, స్పర్శకు ప్రతిస్పందించి అనాలని దిద్దాడు. మళ్ళీ చెప్పమన్నాడు. ప్రతిస్పందన దగ్గర నాలుక మడతపడింది. మళ్ళీ చెప్పమన్నాడు. పొద్దున బస్సులో గలగలా మాట్లాడిన పిల్ల ఇప్పుడు మాట మాటకూ ఆగి సారు ముఖం చూడసాగింది.

పక్క బల్ల దగ్గర వేరే స్కూలు మాస్టరు కోటిరెడ్డి ఇదంతా చూస్తున్నాడు. అతనికి నోటి దురుసు ఎక్కువ.

"ఏం ఏడుకొండలూ, పోయినేడు తెచ్చిన పిల్లాడి కంటే ఈ మొక్కే నయం. ముట్టుకుంటే కాస్త కదులుద్ది."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఏడుకొండలు ఉక్రోషంతో మొక్కను మళ్ళీ ముట్టాడు. కోటిరెడ్డి తెచ్చిన పిల్లలూ తలా ఒక వేలు వేశారు. ఈసారి ఆకులు బద్ధకంగా సగం ముడుచుకుని ఆగిపోయాయి. ఇంకోసారి ముట్టుకుంటే అదీ లేదు. సగం తెరుచుకున్న ఆకులు చలనం లేకుండా అలా వేలాడుతున్నాయి. చూస్తే జడ్జీలు అదే వరసలోకి వచ్చేశారు. ఏడుకొండలు కుర్చీలో కూర్చున్న మాస్టారి దగ్గరకు పరుగెత్తి ఏం చేయమంటారని అడిగాడు.

"నాకు టీ తాగాలనుంది. తీసుకెళ్ళు," అన్నారు మాస్టారు.

పిల్లను బల్ల దగ్గరే ఉండమని ఆయన వెంట నడిచాడు. బయట బండి దగ్గర ఆయన గ్లాసు ఊదుకుంటూ గుక్క గుక్కగా తాగుతుంటే ఏడుకొండలు కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. తన టీ చల్లారిపోయినా ముట్టలేదు. వాళ్ళు తిరిగి వచ్చేసరికి జడ్జీలు నాగూర్‌బీ బల్ల దగ్గరే ఉన్నారు. చుట్టూ జనం మూగారు. కళ్ళజోడు పెట్టుకున్న జడ్జీ ఒకావిడ మొక్కను ముట్టుకుంది. ఆకు కదలలేదు. ఇంకో రెమ్మను ముట్టుకుంది. అదీ కదలలేదు. నాగూర్‌బీ పెదవులు బిగించుకుని సారు కోసం అటూ ఇటూ చూసింది. పోయినేడు పిల్లవాడు నిలబడింది కూడా సరిగ్గా ఇలాగే. ఏడుకొండలు జనాన్ని తోసుకుని ముందుకు పోబోయాడు. మోకాళ్ళు పట్టేశాయంటూ మాస్టారు తన బరువంతా అతని భుజం మీద మోపారు. అడుగు పడలేదు.

సారు ఎక్కడా కనపడక పిల్ల జడ్జీ వైపు తిరిగింది.

"ఇది ఇప్పుడు ముడుచుకోదు మేడమ్. పొద్దుట్నుంచీ ఊరికే ముట్టుకుంటానే ఉన్నారు, దానికి విసుగొచ్చింది. కాసేపు దాని మానాన దాన్ని వదిలేసి తర్వాత రండి."

జడ్జీ కళ్ళజోడు పైకి నెట్టుకుంది. అంతగా ముట్టుకున్నది ఎవరని అడిగింది. పిల్ల తల వంచుకుంది, పేరు చెప్పలేదు. మరి వాన ఆగి ఆగి పడితే నీ యంత్రం కూడా ఇలాగే మొరాయిస్తుందా అని ఆవిడ మళ్ళీ అడిగింది.

"మోటారుకి విసుగు తెలీదు మేడమ్. అందుకేగా మడికి మొక్కని కాకుండా మోటారుని పెట్టింది."

జడ్జీలు వరస పూర్తి చేసుకుని వస్తామని ముందుకు కదిలారు. ఇక ఆ తర్వాత గడిచిన సమయం ఏడుకొండలుకే తెలుసు. కుండీకి ఎదురుగా స్టూలు మీద కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, కన్నార్పకుండా ఆకుల వైపే చూశాడు. విచ్చుకుంటున్నాయా లేక తన కళ్ళే మోసం చేస్తున్నాయా? చెయ్యి చాపితే తెలిసిపోతుంది. చాపలేదు.

జడ్జీలు తిరిగి వచ్చారు. ఆవిడ వేలు తగలగానే రెమ్మంతా వరసగా ముడుచుకుంది. పిల్ల చెంబులో వేళ్ళు ముంచి తీగల మీద విదిల్చింది. పట్టా గరగరలాడుతూ వచ్చి నారును కప్పేసింది. వాళ్ళు ఏదో రాసుకుని వెళ్ళిపోయారు.

సాయంత్రం రాష్ట్రస్థాయికి ముగ్గురి పేర్లు చదివారు. రెండు పేర్లు అయిపోయాయి. ఏడుకొండలు కళ్ళు మూసుకున్నాడు. మూడో పేరు నాగూర్‌బీది. ఫోనులో హెడ్‌మిస్ట్రెస్ వచ్చే ఏడాది ఇద్దరిని తీసుకెళ్ళమంది.

తిరుగు బస్సులో పిల్ల మాస్టారి పక్కన కూర్చుని ఒకటే కబుర్లు. వడగళ్ళు పడితే పట్టా చాలదట, గట్టిది వెయ్యాలట, ఎండ ఎక్కువైనా అదే మూసుకునేట్టు చెయ్యాలట. ముందు సీట్లో కూర్చున్న ఏడుకొండలు వెనక్కు తిరిగాడు. రాష్ట్రస్థాయి అంటే మాటలు కాదని, రేపటి నుంచి ప్రేయరుకు ముందొకసారి, బడి వదిలాక ఒకసారి అప్పజెప్పాలని అన్నాడు. ముందు ఇప్పుడొకసారి చెప్పు చూద్దామన్నాడు. స్పర్శకు, అని అందించాడు కూడా.

పిల్ల మాట ఆగిపోయింది. సారు ముఖం వైపు చూసి, తల దించుకుంది.

మాస్టారు కిటికీలోంచి చూపు మరల్చకుండా అడిగారు.

"ఏరా, ఆ పిల్ల మొక్క గురించి జడ్జీకి చెప్పిన మాట నీకు వినపడలేదా?"