చూడి దుప్పికి కొమ్ములెలా వచ్చాయి

ఒకప్పుడు మంచుదుప్పుల్లో ఆడవాటికి కొమ్ములుండేవి కావు. నున్నటి తలలతో తిరిగేవి. కొమ్ములన్నీ పోతులకే. అవి కూడా ఏడాది పొడవునా ఊడకుండా, ఎండిన చెట్టుకొమ్మల్లా తలమీద నిలబడి ఉండేవి.

ఈ దుప్పులుండేది మన వైపు కాదు. భూమికి ఉత్తరపు కొసన చాలా పెద్ద దేశం ఒకటుంది. అక్కడ ఎండాకాలం ఇలా వచ్చి అలా పోతుంది. మిగతా అంతా మంచే. చెరువు గడ్డకడుతుంది, ఏరు గడ్డకడుతుంది, ఊపిరి విడిస్తే అది కూడా మూతిమీద గడ్డకడుతుంది.

ఆ చలినంతా ఏలేది మంచవ్వ. దుప్పులకి కొమ్ములిచ్చింది ఆవిడే. ఇస్తూ పోతులతో ఒక మాట చెప్పింది. "ఇవి సింగారానికి కావు. తోడేలొస్తే అడ్డంపడండి. అందుకే ఇస్తున్నాను."

పోతులు సరేనన్నాయి. ఆ మాట మీద మందలో ఒక కట్టుబాటు పుట్టింది. పోతు ఎదురొస్తే ఆడది పక్కకి జరగాలి. కాపలా కాసేవాడు కడుపునిండా తినాలి కదా అని.

వినడానికి బాగానే ఉంది. చలికాలంలో అది ఎలా నడిచిందో వినండి.

చలికాలంలో దుప్పికి తిండి మంచు అడుగున ఉంటుంది. రాళ్ళని అంటుకుని ఒక తెల్లటి పాచి పెరుగుతుంది. అది కావాలంటే ముందుకాళ్ళతో మంచు తవ్వాలి. పైన మెత్తగా ఉంటుంది, లోపలికి పోయేకొద్దీ రాయే. గిట్టలు అరిగిపోతాయి. మెడ పట్టేంత లోతు తవ్వితే అప్పుడు ఇంత పాచి కనిపిస్తుంది.

నల్లమూతి అనే ఆడదుప్పి ఒక పొద్దున అలాంటి గుంట తవ్వింది. అది చూడిది. కడుపులో దూడ కదలడం మొదలుపెట్టింది. పోయినేడు పుట్టిన దూడ నిలబడలేక, తల్లికి పాలు పడక, పుట్టినచోటే పోయింది. ఈసారైనా కడుపులోది బతకాలి. నల్లమూతికి ఇంకో కోరిక లేదు.

పాచి వాసన తగిలింది. తల వంచింది. అంతలో వెనకనించి డొక్కలో కొమ్ము గుచ్చుకుంది.

"జరుగు," అన్నాడు కొమ్ములరాయుడు. మందలో అందరికన్నా పెద్ద పోతు వాడే.

"బావా, ఇప్పుడే తవ్వాను. ఒక్క నోరు పెట్టుకోనీ."

"ఒక్క నోరంటావు, గుంటంతా నాకుతావు. నీ సంగతి నాకు తెలీదా? జరగమన్నానా!"

"కడుపుతో ఉన్నాను బావా."

"అయితే? నేను కొమ్ములతో ఉన్నాను. తోడేలొస్తే అడ్డంపడేది నీ కడుపా, నా కొమ్ములా?"

నల్లమూతి జరిగింది. ఇంకో గుంట తవ్వుకుంది. దాని దగ్గరికి ఇంకో పోతు వచ్చింది.

"పోనీలే అక్కా, మాట అనకు," అంది చెల్లెలు తెల్లచెవి. "మనం మళ్ళీ తవ్వుకోగలం కదా."

తెల్లచెవి కూడా చూడిదే. దానికి ఎప్పుడూ అదే పని. తవ్వడం, జరగడం, మళ్ళీ తవ్వడం. డొక్కలు లోపలికి పోయినా దాని నోటినించి విసుగన్నది రాలేదు. అంత మంచితనం ఎవరికి పనికొచ్చింది? పోతులకి పనికొచ్చింది.

ఒక సాయంత్రం గాలిదుమారం లేచింది. తెల్లచెవి తవ్విన గుంటలో రాయుడు మెడదాకా దిగి మేస్తున్నాడు. తెల్లచెవి పక్కనే ఇంకోటి తవ్వబోయింది. కాళ్ళు మడతపడ్డాయి. కూలబడింది. సరిగ్గా అప్పుడే గుట్ట దిగి తోడేలు వచ్చింది. ముసలి తోడేలు, ఒక కాలు కుంటి.

"బావా! తోడేలు!" అని అరిచింది నల్లమూతి.

"వస్తున్నా," అన్నాడు రాయుడు, పాచి నములుతూ. తల ఎత్తలేదు. ఇంకో నోరు పెట్టుకున్నాడు. ఆ తర్వాత లేచి పరిగెత్తాడు. తోడేలు వైపు కాదు.

మందంతా వాడి వెనకే పరిగెత్తింది. నల్లమూతీ పరిగెత్తింది. కడుపులోదాని కోసం పరిగెత్తింది. వెనకనించి చెల్లెలి కేక వినిపించింది. తర్వాత వినిపించలేదు.

తెల్లారాక నల్లమూతి ఒక్కతే వెనక్కి వెళ్ళి చూసింది. మంచు ఎర్రగా ఉంది. అక్కడినించి మందలోకి వెళ్ళలేదు. నేరుగా మంచవ్వ ఉండే పెద్ద చెరువు దగ్గరికి నడిచింది.

మంచవ్వ గడ్డకట్టిన నీళ్ళ నడుమ కూర్చుని ఉంది. జుట్టు నేలంతా పరుచుకుని ఉంది.

"ఎవరే అది?"

"నల్లమూతిని అవ్వా. కొమ్ములడగడానికి వచ్చాను."

"నున్నటి తలే బాగుంది నీకు."

"బాగుండడానికి కాదవ్వా అడుగుతున్నది."

"ఇన్ని చలికాలాల్లో ఒక్క ఆడది వచ్చి అడగలేదు. నీకే ఏం వచ్చింది?"

"వాళ్ళంతా పక్కకి జరిగారవ్వా. జరగడానికి నాకింక చోటు లేదు," అంది నల్లమూతి. జరిగిందంతా చెప్పింది.

అవ్వ ముఖం మారలేదు. "ఒకళ్ళ మాట విని తీర్పు చెప్పే అలవాటు నాకు లేదు. పద," అని లేచింది. ఆవిడ అడుగేస్తుంటే చెరువు పటపట పగిలింది.

మందని నిలబెట్టి అడిగింది. రాయుడు ముందుకొచ్చాడు. "ఆడదాని ఏడుపు పట్టుకుని ఇంత దూరం వచ్చావా అవ్వా? తోడేలుకి ఎదురెళ్ళాను. అప్పటికే తెల్లచెవి ప్రాణం పోయింది. నన్నేం చెయ్యమంటావు?"

పోతులన్నీ తలలూపాయి. ఆడదుప్పులు నేల చూశాయి. ఒక్కతీ నోరు విప్పలేదు. నల్లమూతి ఆ ముఖాలన్నీ వరసగా చూసింది. గుర్తుపెట్టుకుంది.

"తోడేలుని పిలవండి," అంది మంచవ్వ.

కుంటితోడేలు వచ్చి దూరంగా కూర్చుంది.

"నీ మాట నమ్మొచ్చా?"

"నేను చంపుతాను అవ్వా. దాచేదేముంది, అబద్ధమెందుకు?" అంది తోడేలు. "ఈ పెద్దమనిషి నాకు ఎదురు రాలేదు. వచ్చుంటే నేనే పారిపోదును. ఈ కాలుతో ఆ కొమ్ముల ముందు నిలబడతానా? దాన్ని తిన్న మాట నిజం. తినడానికేముంది, తోలూ ఎముకలూ. ముందుగిట్టలు అరిగి నెత్తురు కట్టాయి. పొట్టలో పాచి ముక్క లేదు. దూడ మాత్రం ఉంది, ఇంతే. పక్కనే ఈయన మేసిన గుంట ఉంది, శుభ్రంగా నాకేసి."

మంచవ్వ ఒక ఊపిరి విడిచింది. ఆ ఊపిరి తగిలి పోతుల కొమ్ములన్నీ మొదళ్ళతో సహా ఊడి మంచులో పడ్డాయి.

"ఎండాకాలంలో మళ్ళీ మొలుస్తాయి," అంది అవ్వ. "మీలో మీరు పొడుచుకోవడానికి ఉంచుకోండి. చలికాలంలో మీ తలమీద ఉండవు."

నల్లమూతి వైపు తిరిగింది. "నీకు పెద్దవి ఇవ్వను. గుంట కాపాడుకునేంతవే. కడుపులోది నేలమీద పడ్డాక అవి కూడా ఉండవు. ఊరికే రావు సుమా. ఎముక చీల్చుకుని వస్తాయి."

"రానీ అవ్వా."

వచ్చాయి. నెత్తురు కళ్ళలోకి కారింది. నల్లమూతి అరవలేదు. తక్కిన ఆడదుప్పులకీ వచ్చాయి. అవి అరిచాయి.

ఇక పోతుల పాట్లు మొదలయ్యాయి. తవ్విన గుంట దగ్గరికి వెళ్తే కొమ్ములు. సొంతంగా తవ్వుకుందామంటే గిట్టలకి అలవాటు లేదు. బలిసిన ఒళ్ళు చూస్తుండగానే కరిగిపోయింది.

ఒకనాడు రాయుడు నల్లమూతి గుంట దగ్గరికి వచ్చాడు. అలవాటు కొద్దీ, "జరుగు," అన్నాడు. మళ్ళీ తనే సర్దుకుని, "కాస్త జరగవా నల్లమూతీ," అన్నాడు.

"తవ్వుకో."

"నాకు తవ్వడం రాదే."

"మేం పుట్టగానే నేర్చుకుని వచ్చామా?"

"నీ కడుపులో ఉన్నది నా బిడ్డే కదే!"

"అవును. దాని నోటిముందునించి లే."

రాయుడు లేవలేదు. మూతి గుంటలోకి పెట్టాడు. నల్లమూతి తల వంచి డొక్కలో పొడిచింది. అంత పెద్ద పోతూ మంచులో వెల్లకిలా పడ్డాడు.

"పాపం, అక్కా," అంది పక్కనున్న ఒక ఆడదుప్పి.

"పాపం అనే ఆ నోరు అవ్వ ముందు ఎక్కడ దాచుకున్నావే?" అంది నల్లమూతి.

రాయుడు లేచి, దూరంగా వెళ్ళి, మంచు తవ్వడం మొదలుపెట్టాడు. గుట్టమీద కుంటితోడేలు కూర్చుని చూస్తోంది. మర్నాడు పొద్దున ఆ చోట మోకాలి లోతు గుంట ఒకటి ఉంది. అందులో ఎవరూ లేరు. పక్కన మంచు ఎర్రగా ఉంది.

మంచు కరిగింది. నల్లమూతి ఈనింది. తడిసిన దూడ వణుకుతూ లేచింది, పడింది, మళ్ళీ లేచింది. నిలబడింది. పొదుగు వెతుక్కుంది. పొదుగునిండా పాలున్నాయి. దూడ తాగుతుండగానే నల్లమూతి కొమ్ములు ఒకటి తర్వాత ఒకటి ఊడి గడ్డిలో పడ్డాయి. అది వాటివైపు చూడలేదు. దూడని నాకుతూ ఉంది.

అప్పటినుంచే చలికాలంలో పెద్ద పోతు దుప్పుల తలలు బోడిగా ఉంటాయి, చూడి దుప్పి తలమీద కొమ్ములుంటాయి. దూడ నేలమీద పడేదాకా అవి ఊడవు. మంచులో అది తవ్వుకున్న గుంట దగ్గరికి ఎంతటి పోతు వచ్చినా, ఇప్పటికీ అది తల వంచి కొమ్ములు చూపిస్తుంది. పక్కకి మాత్రం జరగదు.