పదో కార్డు

పరాంకుశం మాస్టారిని సూటిగా అడిగితే సూటిగా జవాబు రాదు. కళ్లద్దాలు బల్ల మీదికి దిగుతాయి, ఎప్పటిదో ఒక సంగతి బయటికొస్తుంది. ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న ఝాన్సీ అది తెలిసే అడిగింది.

"మాస్టారూ, ఒక్కో మిరపాకు ఫోటోని వందమందికి ఫోన్లో పంపి, ఎక్కువమంది చెప్పిందే కంప్యూటర్‌కి నేర్పుతున్నాం. మిగతా అందరూ ఆకు బాగుందన్నా, యాభై ఏడో నంబరు ఆవిడ మాత్రం తెగులంటోంది. ప్రతిసారీ ఇంతే. తీసేయనా? ఎవరెవరిని ఉంచాలో సాయంత్రంలోగా జాబితా పంపాలి."

"తీసేస్తే?"

"మన లెక్క శుభ్రపడుతుంది. ఆవిడకి ఇక ఈ పని దొరకదు."

"నేనూ ఒకసారి అలాగే శుభ్రం చేశాను" అన్నారు మాస్టారు.

ఆయన కుర్రతనంలో ఇలా పదిమందినీ అడిగే పనికి ఫోన్లు, కంప్యూటర్లు లేవు, పోస్టుకార్డులుండేవి. వేసవిలో ఊరికి పదిమంది తమ ఊరి బావిలోకి తాడు వదిలి, నీళ్లెంత లోతున ఉన్నాయో రాసి పంపాలి. సంచులకొద్దీ వచ్చేవి. కొన్ని పొగాకు వాసన వేసేవి. కొలత కింద "మా గేదె ఈనింది, పెయ్యదూడ" అని రాసినవారూ ఉన్నారు. ఆ మాట చెప్పి మాస్టారు చాలాసేపు నవ్వుకున్నారు.

రాళ్లమిట్ట నుంచి వచ్చిన తొమ్మిది కార్డులూ నీళ్లు ఆరు బారల లోతున ఉన్నాయన్నాయి. పదోది పోలమ్మ అనే కూలిమనిషి ఎవరిచేతో రాయించి వేలిముద్ర వేసింది: "తాడు అడుక్కి తగిలింది. బురదే." మాస్టారు దాన్ని ఎర్రసిరాతో కొట్టేశారు. కొత్త బోర్ల జాబితాలోకి ఆ ఊరు ఎక్కలేదు. ఆ ఎండాకాలమంతా పోలమ్మ పేటవాళ్లు రెండు మైళ్లు నడిచి బిందెలు మోశారు.

మరుసటేడు అటు వెళ్లి ఆ బిందెల మోత చూసినప్పుడు, పోలమ్మ దగ్గర ఆయనే తన తప్పు ఒప్పుకున్నారు. పోలమ్మ బిందె దించలేదు.

"ఆళ్లేం అబద్దమాడలేదయ్యా. తెల్లారగానే కొలిచారు. ఊరంతా తోడుకున్నాకే గదా మా వంతు! అప్పుడు బాయిలో ఏముంటదో ఎవురన్నా వొంగి చూశారా?"

ఝాన్సీ అంత తేలిగ్గా వాదన వదిలే పిల్ల కాదు. "అయితే మాస్టారూ, ఎప్పుడూ ఆ ఒక్కరు చెప్పిందే నిజమంటారా?"

మాస్టారు కళ్లద్దాలు తుడిచి పెట్టుకున్నారు.

"నేనలా అన్నానా? రాళ్లమిట్టకి రోజూ రెండు బస్సులుండేవమ్మా. కార్డు కొట్టేసే ముందు ఒక్కటైనా ఎక్కానా?"