సెట్టు కోడలు

అనగనగా ఒక ఊళ్ళో, ఊరంటే ఊరంతా మగ్గాలే, ఇంటింటా టకటకా చప్పుడే, అలాంటి ఊళ్ళో ఒక కోడలుండేదర్రా. పేరు భూలక్ష్మి. ఏమిటే మేఘనా ఆ నవ్వు? నా పేరూ అదేననా? లోకంలో భూలక్ష్మిని నేనొక్కదాన్నేనా? ఈవిడ వేరు. ముక్కు కాస్త చప్పిడి, పొగరు కాస్త ఎక్కువ. కిట్టూ, నా ముక్కు వంక చూడ్డం మాని ఊ కొట్టు.

ఆ భూలక్ష్మికి అక్షరం ముక్క రాదు. చిన్నప్పట్నుంచీ రాట్నం ముందు కూచుని కండెలు చుట్టడమే. కండె అంటే, మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే నూలు చుట్టలే. ఒకరోజు పట్నం నుంచి రేడియో బాగుచేసే అతనొచ్చాడు. మామగారి రేడియో చూసి, ఈ సెట్టు పాతదండీ అన్నాడు. మర తిప్పుతూ, సెట్టు చేస్తున్నానండీ అన్నాడు. పాట మోగాక, సెట్టయిపోయిందండీ అన్నాడు. తలుపు చాటు నుంచి వింటున్న ఈవిడకి ఆశ పుట్టుకొచ్చింది. వస్తువుకీ అదే మాట, పనికీ అదే మాట, పనైపోయిందనడానికీ అదే మాట. ఇంగ్లీషు ఇంత చవకా అనుకుంది. ఈ ఒక్కటీ పట్టుకుంటే మిగతాదంతా అక్కర్లేదనుకుంది. ఎంత తెలివో చూడండి.

ఇంక మొదలెట్టింది. పెరుగు తోడుకుంటే సెట్టు. పాప జలుబు తగ్గితే సెట్టు. గాజులు డజను కొంటే సెట్టు. ఎదురింటి వాళ్ళకి సంబంధం కుదిరితే సెట్టు. మొగుడు అలిగితే సెట్టు తప్పాడు, అలక తీరితే మళ్ళీ సెట్టు. ఊ కొడుతున్నారా? ఎవరో సబ్బు మీది కాగితం తెచ్చి ఏం రాశాడమ్మా అంటే, దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, అంతా సెట్టేనండీ అని చెప్పి పంపేది. ఆ కాగితం తలకిందులుగా పట్టుకున్నానని నాకేం తెలుసు? నాకంటే, అదే, ఆ కోడలికి.

అత్తగారు నాంచారమ్మకి మాత్రం పట్టరాని గర్వం. మా కోడలు బడి గుమ్మం తొక్కలేదు, ఇంగ్లీషు గడగడా మాట్లాడేస్తోంది అని వీధంతా చాటింది. ఈవిడ కాదనలేదు. తల వంచుకుని ముసిముసిగా నవ్వింది.

ఆ ఊళ్ళో అప్పుడే ఆడపిల్లల బడి పెట్టారు. పక్కూరి నుంచి కనకవల్లి అని ఒక పంతులమ్మ నడిచొచ్చి చెప్పేది. మొదట్లో పదిహేనుమంది పిల్లలు చేరారు. చేరారా, ఒక్కొక్కరే మానేశారు. పంతులమ్మ ఇళ్ళకి వెళ్ళి ఎందుకు మాన్పించారని అడిగితే, అందరిదీ ఒకటే జవాబు. బడికెళ్ళకుండానే నాంచారమ్మ కోడలికి ఇంగ్లీషు వచ్చిందిగా, మా పిల్లలు ఇంటిపట్టున ఉండి కండెలు చుడితే ఏం పోయింది అన్నారు. చివరికి నలుగురే మిగిలారు. అందులో ఒకత్తి భూలక్ష్మి కూతురు సువర్ణ, ఆరేళ్ళది. అవునే, మీ అమ్మ పేరే. ఈ ఊళ్ళో పేర్లన్నీ అంతే, ఊ కొట్టు.

పంతులమ్మ భూలక్ష్మి దగ్గరికే వచ్చింది. సోమవారం పై అధికారి వస్తాడు, నలుగురే ఉంటే బడి ఎత్తేస్తాడు, ఇంగ్లీషు తెలిసినదానివి నువ్వు చెబితే వింటారమ్మా అని బతిమాలింది. భూలక్ష్మికి అన్నం సయించలేదు. నిజం చెబితే అత్తగారి పరువు పోతుంది, వీధి నవ్వుతుంది. చెప్పకపోతే పిల్ల చదువు పోతుంది. ఇంతలో సువర్ణ పలక తెచ్చి ఒళ్ళో పెట్టింది. బడి పోతే పోనీలే అమ్మా, నీకొచ్చుగా, నువ్వే నేర్పు అంది. ఆ పలక పట్టుకుని కూచుంటే నాకు కన్నీళ్ళు ఆగలేదర్రా. బలపం ఎటు పట్టుకోవాలో కూడా తెలీదు.

మర్నాడు వీధిలో పడుగుకి గంజి పెట్టే రోజు. నిలువుపోగులన్నీ వీధి పొడుగునా లాగి కట్టి, గంజి పట్టించి, ఆరేదాకా కుంచెలతో దువ్వుతూనే ఉండాలి. మధ్యలో వదిలి పోతే పోగులు అంటుకుపోయి పడుగంతా పాడవుతుంది. కాబట్టి ఎవరూ కదలరు. భూలక్ష్మి ఆ అదను చూసుకుంది. పోగుల మధ్య నిలబడి చెప్పేసింది. నాకు ఇంగ్లీషు రాదు, తెలుగూ చదవడం రాదు, వచ్చింది ఒక్క మాట, అదీ రేడియో అతను పారేసి పోయింది. నన్ను చూసి మీ పిల్లల్ని ఆపకండి, నిన్న నా కూతురు పలక తెచ్చిస్తే దాని పేరైనా రాయలేకపోయాను అంది.

నవ్వారు. కుంచెలు వదలకుండా, కడుపు పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేక, వంగి వంగి నవ్వారు. నాంచారమ్మ మాత్రం నవ్వలేదు. అవతలి కొస నుంచి దువ్వుకుంటూ, దువ్వుకుంటూ కోడలి దాకా వచ్చింది. ఇప్పుడు తిడుతుందని ఈవిడ కళ్ళు మూసుకుంది. ఆవిడ చిన్నగా, నాకూ చదవడం రాదని నేనెప్పుడూ నోరు తెరిచి చెప్పలేకపోయానే, నువ్వు చెప్పావు అంది. తర్వాత గొంతు పెంచి, రేపట్నుంచి మా ఇంట్లో కండెలు నేను చుడతాను, మీ ఇళ్ళల్లో ముసలాళ్ళకి చేతుల్లేవా అని వీధినంతా కడిగేసింది.

సోమవారం అధికారి వచ్చి లెక్కబెడితే పన్నెండుమంది. బడి నిలిచింది. సాయంత్రాలు సువర్ణ పంతులమ్మ అయ్యేది, వాళ్ళమ్మా నాయనమ్మా పిల్లలయ్యేవాళ్ళు. తప్పు రాస్తే చెవి మెలిపెట్టేది. అందులో వాళ్ళమ్మ చెవే ఎక్కువ కందేది.

అందుకని, రానిది రాదని చెప్పండర్రా. సిగ్గు ఒక్క పూటే ఉంటుంది. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం. సువర్ణ పక్కగదిలోంచి చూస్తోంది, ఇంకా పడుకోలేదేమని నా చెవి మెలిపెట్టగలదు. కిట్టూ, ఆ గ్లాసు ఇలా అందుకో. నా పళ్ళ సెట్టు తీసి పెట్టుకోవాలి.